దిష్టి తీసిన చెయ్యి

వియన్నాలో ఆఖరి రోజు సంజీవమ్మకు పెట్టెల మధ్యనే తెల్లారింది. సాయంత్రం విమానానికి కువైట్ తిరిగి వెళ్ళాలి. కొన్నవాటినీ తెచ్చినవాటినీ మడిచి, ఒత్తి, పెట్టె మీద కూర్చుని జిప్పు లాగడం ఆమె పని. సెలవులు ఇంట్లో అందరికీ అయిపోతున్నాయి. ఆమెకు మాత్రం మొదలే కాలేదు. రాజుల మేడలు, పూలతోటలు, గుర్రపు బళ్ళు అన్నీ చూసింది, కాకపోతే అన్నిటినీ నాలుగేళ్ళ నాసర్ నెత్తి మీదుగానే చూసింది. వాడు ఏ వైపు పరిగెత్తితే ఆ వైపు పరుగు, వాడు నిద్రపోతే తోపుడుబండి. రాయచోటి దగ్గర పల్లెలో ఉన్న అక్కకు ఫోన్ చేసి "యూరోపు సూసినా మే" అని గొప్పగా చెప్పింది గానీ, ఏం చూశావంటే చెప్పడానికి పిల్లవాడి బూట్ల లేసులు తప్ప ఏవీ గుర్తుకు రాలేదు.

నాసర్ తల్లిని ఆమె మామా అని పిలుస్తుంది. కువైట్‌లో ఇంటి పనికి వచ్చిన ఆడవాళ్ళంతా యజమానురాలిని పిలిచే పిలుపే అది. ఈ మామా వయసులో సంజీవమ్మకు చెల్లెలవుతుంది. మామా భర్త బాబా. ఇద్దరూ పొద్దున్నే ఆఖరి బజారు చేయడానికి వెళ్ళారు. వంటగది కూడా ఉన్న ఆ హోటల్ గదుల్లో సంజీవమ్మ, నాసర్ మిగిలారు.

నాసర్‌కు నిన్నటి నుంచి ఒళ్ళు బాగాలేదు. తిన్నది కక్కుతున్నాడు, ఊరికే ఉలిక్కిపడి ఏడుస్తున్నాడు. మందు పోస్తే అదీ కక్కాడు. కారణం సంజీవమ్మకు తెలుసు. నిన్న తోటలో దారిన పోయే ప్రతివాళ్ళూ వాడి ముందు ఆగినవాళ్ళే. కళ్ళు ఎంత పెద్దవో అన్నట్టు సైగలు చేసింది ఒక ముసలామె. ఇంకెవరో ఫోటో తీసుకున్నారు. నరుని కంటికి నల్లరాయి పగులుతుందంటారు, వీడు పచ్చి పసికందు. వాడిని పుట్టిన నలభయ్యో రోజు నుంచి ఎత్తుకుని పెంచిన మనిషి ఆ మాత్రం ఆలోచించదా?

తన సంచీలోంచి ఎండుమిరపకాయలు తీసింది. ఊరి నుంచి తెచ్చుకున్న కాయలు, ఏ దేశం పోయినా అవి లేకుండా పోదు. గుప్పెట్లో గళ్ళుప్పు, మిరపకాయలు, నాసర్ నెత్తి నుంచి తుంచిన ఒక వెంట్రుక. వాడిని తూర్పుకు తిప్పి కూర్చోబెట్టి, కుడి పిడికిలి బిగించి, తల నుంచి కాళ్ళదాకా తిప్పడం మొదలుపెట్టింది.

"ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, వచ్చినోళ్ళ దిష్టి, పోయినోళ్ళ దిష్టి, కన్నతల్లి దిష్టి, సాకినదాని దిష్టి... ఉమ్మెయ్ నాయనా, థూ థూ అను."

ఉమ్మేయమని అడిగే పెద్దవాళ్ళు వాడికి ఎక్కడ దొరుకుతారు? "థూ! థూ!" అని ఉమ్మి, పకపకా నవ్వాడు. నిన్నటి నుంచి వాడు నవ్వడం అదే మొదలు. సంజీవమ్మ కడుపు చల్లబడింది.

దిష్టి తీసినవి నిప్పుల్లో వేయాలి. ఆ ఊళ్ళో నిప్పులెక్కడివి? నున్నటి అద్దంలాంటి కరెంటు పొయ్యి ఉంది. దాని మీద పెనం పెట్టి, పెనంలో గుప్పెడూ వదిలింది. ఉప్పు చిటపటలాడింది, కాయలు నల్లగా మాడాయి. మామూలుగా అయితే ఇల్లంతా దగ్గులే. ఇక్కడ పొగ వచ్చింది గానీ ఘాటు రాలేదు. దిష్టి గట్టిగా తగిలితే ఘాటు రాదు. "అబ్బ, ఎంతమంది కండ్లు పడినాయిరా నీ మీద!" అని ఆమె బుగ్గలు నొక్కుకుంటూ ఉండగానే కప్పుకు బిగించిన గుండ్రటి డబ్బా ఒకటి కెవ్వుమంది.

తరువాత వరండాలో ఇంకొకటి కూసింది, ఆ తరువాత హోటలంతా కూసింది. తలుపులు తెరుచుకున్నాయి. తువ్వాళ్ళతో, చెప్పులు లేని కాళ్ళతో జనం మెట్ల మీదికి పరిగెత్తారు. హోటలు చూసుకునే తెల్లజుట్టు ఆవిడ లోపలికి వచ్చి, కిటికీలు తెరిచి, ఏదో నొక్కి ఆ కూత ఆపింది. ఆవిడ మాటలు సంజీవమ్మకు ఒక్కటీ తెలియలేదు. తిడుతోందని మాత్రం తెలిసింది. సరిగ్గా అప్పుడే సంచులు మోసుకుని మామా, బాబా మెట్లెక్కారు.

మామా అందరికీ నవ్వుతూ ఇంగ్లీషులో క్షమాపణలు చెప్పింది. తలుపు మూసేదాకా ఆ నవ్వు అలాగే ఉంది. వంటగదిలోకి వెళ్ళి పెనంలోకి చూసింది. మాడిన కాయలు, నల్లటి ఉప్పు. అంచున అంటుకుని సగం కాలిన వెంట్రుక.

"ఇది ఎవరిది?"

"నాసర్‌ది, మామా. బిడ్డకు కళ్ళు..." సంజీవమ్మ తనకు వచ్చిన అరబ్బీలో, చేతులు తిప్పి చెప్పబోయింది.

"సిహర్!" మామా గొంతు చీలిపోయింది. "నా కొడుక్కి సిహర్ చేశావా!"

సిహర్ అంటే చేతబడి. గల్ఫులో పనిమనిషి మీద దొంగతనం పడితే దేశం దాటించి వదిలేస్తారు. ఆ మాట పడితే ఏం చేస్తారో తెలిసి వచ్చి చెప్పినవాళ్ళను సంజీవమ్మ ఇంతవరకు చూడలేదు.

మొదటి దెబ్బ చెంప మీద పడింది. రెండోది చెప్పుతో. కింద పడితే జుట్టు పట్టుకుని లేపింది, లేస్తే మోకాలితో కడుపులో పొడిచింది. సన్నటి మనిషి, గాజుబొమ్మలా ఉంటుంది, ఆ బలం ఎక్కడ దాచుకుందో. సంజీవమ్మ పెదవి పగిలి పెట్టెలోని తెల్లచొక్కాల మీద నెత్తురు పడింది. ఆ స్థితిలో కూడా మరకలవుతాయే అనుకుందంటే, అలవాటు ఎంత చెడ్డదో చూడండి.

"ఏ చేత్తో చేశావు? ఈ చెయ్యేనా?"

పెనం పక్కకు ఎగిరింది. ఎవరూ ఆపని పొయ్యి అద్దం కింద ఎర్రటి తీగచుట్ట ఇంకా కాలుతూనే ఉంది. మామా రెండు చేతులతో ఆమె మణికట్టు పట్టి, తన బరువంతా వేసి, అరచెయ్యిని ఆ ఎరుపు మీద అదిమింది.

సంజీవమ్మ అరిచిన అరుపుకు నాసర్ బల్ల కిందికి దూరాడు. బాబా గుమ్మంలోనే నిలబడి చూశాడు. "చాలు, ఇక్కడ వద్దు. మన దేశం వెళ్ళాక పోలీసులున్నారు" అన్నాడు, బిల్లు ఎక్కువైందని చెప్పినంత మామూలుగా. అని, పెనంలోంచి చెదిరిందంతా ప్లాస్టిక్ సంచీలో ఊడ్చి ముడివేశాడు. సాక్ష్యం.

ఎవరో తలుపు కొట్టారు. అరుపు విని తెల్లజుట్టు ఆవిడ మళ్ళీ వచ్చింది. సంజీవమ్మ పెదవిని చూసింది, చేతిని చూసింది. ఎవర్నీ అడక్కుండా ఆమెను కుళాయి దగ్గరికి లాక్కుపోయి, చల్లటి నీళ్ళ కింద ఆ చెయ్యి పట్టుకుని చాలాసేపు నిలబడింది. "ఓకే?" అని అడిగింది, కళ్ళలోకి చూస్తూ. "యూ, ఓకే?"

ఇప్పుడు ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట సంజీవమ్మకు నోటిదాకా వచ్చింది. కానీ పాస్‌పోర్టు మామా చేతిసంచీలో ఉంది. ఈ ఊరి పేరే ఆమె నోట సరిగ్గా పలకదు. బల్ల కింద నుంచి నాసర్ చూస్తున్నాడు.

"ఓకే, ఓకే," అంది. "కుకింగ్."

ఆవిడ నమ్మలేదు. నమ్మకపోయినా గుడ్డ చుట్టి వెళ్ళిపోయింది. అలా అన్నందుకు విమానంలో దారి పొడవునా సంజీవమ్మ తనను తాను తిట్టుకుంది. నన్ను కాల్చినదాని పరువు నేను కాపాడితిని, నా అంత బుద్ధితక్కువది ఉంటుందా అనుకుంది. నాసర్ ఆమె దగ్గరికి వస్తానని మామా ఒళ్ళో గింజుకుంటూ ఏడుస్తూనే ఉన్నాడు.

కువైట్‌లో, జాబ్రియా పేటలోని ఇంట్లో ఆమెను మేడ మీద ఇస్త్రీ గదిలో పెట్టి తాళం వేశారు. ఫోను తీసేసుకున్నారు. ఆ గదిలో ఏసీ లేదు. ఎండకు గోడలు తాకితే కాలుతున్నాయి. మూలన ఉతికిన బట్టల గుట్టలు, మధ్యలో ఇస్త్రీ బల్ల. ఖాళీగా కూర్చోవడం చేతగాక ఎడమ చేత్తోనే బట్టలు మడతలు పెట్టింది.

తాళం తీసి అన్నం తెచ్చేది మజీదా. రాయచోటి మనిషే, ఆ ఇంట్లో వంట ఆమెది. కలబంద ముక్క కొంగులో దాచి తెచ్చింది. గుడ్డ విప్పి అరచెయ్యి చూసి, "యా అల్లా" అంది. అరచెయ్యంతా బొబ్బ లేచి, మధ్యలో తెల్లగా చచ్చిపోయిన చర్మం.

"ఎందుకు జేసినావక్కా ఆ పని, పరాయి ఊర్లో?"

"బిడ్డకు బాలేక పాయె మజీదా. మనింట్లో బిడ్డయితే తియ్యమా?"

"మేం గూడా తీస్తాం. మా ముసలి నానీ గూడా మిరపకాయల్తోనే నజర్ తీస్తాది. అయితే ఈళ్ళ కండ్లకు అది వేరే." మజీదా గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "చేతబడి ఇరిసే షేక్‌ను పిలిపిస్తాండారు. ఆయనొచ్చి ఆ సంచీ సూసి, ఇది సిహరే అన్నాడంటే పోలీసులకు పట్టిస్తారంట. బాబా ఫోన్లో మాట్లాడతాంటే ఇన్నా. నా గదంతా గూడా ఎతికినారు. నా తాయెత్తు గూడా తీసుకపాయిరి."

"జైల్లో ఏస్తారా?"

మజీదా అన్నంలో పప్పు కలిపి ముద్ద చేసి నోటికి అందించింది. సంజీవమ్మ ముద్దను పక్కకు నెట్టింది. చేతబడి చేసిందని జైల్లో వేస్తే ఊళ్ళో ఏమని చెప్పుకుంటారు? మొగుడు పోయాక వాకిళ్ళు ఊడ్చి, ఎడారికి వచ్చి, ఒకరి బిడ్డను సొంత బిడ్డలా సాకింది. చివరికి మంత్రగత్తె అని పేరు. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళంతా మంట పుట్టింది.

"నాసర్ తింటాండాడా?" అని అడిగింది.

"యాడ? డాక్టరు ఇచ్చిన మందు కక్కుతాండాడు. సంజూ కావాల, థూ థూ కావాల అని ఒగటే ఏడుపు. మామా నిన్న వాణ్ణి గూడా కొట్టింది. కొట్టి, మళ్ళా తనే ఏడిసింది."

మరునాడు మధ్యాహ్నం తాళం తెరుచుకుంది. వచ్చింది మజీదా కాదు, మామా. భుజం మీద నాసర్. వాడి కళ్ళు గుంటలు పడ్డాయి, పెదవులు పొట్టు లేచాయి. సంజీవమ్మను చూడగానే రెండు చేతులూ చాచాడు. మామా వాడిని ఇవ్వలేదు. తలుపు దగ్గరగా వేసి నిలబడింది. జుట్టు దువ్వుకోలేదు, ముఖం కడిగిన జాడ లేదు.

"అది మళ్ళీ చెయ్యి," అంది.

సంజీవమ్మ అర్థం కానట్టు చూసింది.

"ఆ రోజు చేశావు కదా. చేశాక వాడు నవ్వాడంట, వాడే చెప్పాడు. మళ్ళీ చెయ్యి. ఎవరికీ చెప్పను." మామా గుప్పెట విప్పి చూపించింది. వంటింట్లోంచి తెచ్చిన ఉప్పు, మిరపకాయలు.

సంజీవమ్మ పిల్లవాడిని చూసింది. చెయ్యి దానంతట అదే లేవబోయింది. ఆగింది. ఒకసారి చేసినదానికే షేక్ వస్తున్నాడు. రెండోసారి తన చేతిలోనే దొరికితే? ఇది బిడ్డ కోసమా, పట్టించడానికా? కొరివితో తల గోక్కున్నట్టు అవుతుంది. పోనీ చేయనంటే ఈమె ఊరుకుంటుందా? ఇస్త్రీ పెట్టె బల్ల మీదే ఉంది, తీగ గోడకే ఉంది. మామా చూపు కూడా ఒకసారి అటు పోయి వచ్చింది.

"చెయ్యి మూసుకోదు, మామా," అంది, కట్టు కట్టిన చేతిని ముందుకు చాచి. "దిష్టి పిడికిలితో తియ్యాలి. ఈ చెయ్యి మూసుకోదు."

"రెండో చెయ్యి ఉంది కదా!"

"ఎడమ చెయ్యి పనికిరాదు." అది నిజమే. "మీరు తియ్యండి. కన్నతల్లి తీస్తే ఇంకా మంచిది. నేను చెబుతా, మీరు అనండి."

మామా తలుపు వైపు ఒకసారి చూసింది. నాసర్‌ను ఇస్త్రీ బల్ల మీద తూర్పుకు తిరిగేలా కూర్చోబెట్టింది. పిడికిలి బిగించింది. సంజీవమ్మ ఒక్కో మాటా అందించింది, మామా ఒక్కో మాటా అంది. తెలుగు ఆ నోట్లో కొత్త చెప్పులా కరుస్తోంది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి. కాళ్ళదాకా ఒక చుట్టు. నాసర్ థూ అన్నాడు, పొడి నోటితో. కన్నతల్లి దిష్టి, సాకినదాని దిష్టి. రెండో చుట్టు. మామా కళ్ళు మూసుకుంది, కన్నీళ్ళు కారుతున్నాయి. ఆ క్షణంలో సంజీవమ్మకు ఆమె మీద జాలి కలిగింది. కలిగినందుకు కోపం కూడా వచ్చింది.

మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. మజీదా కింద నుంచి "బాబా, బాబా, చాయ్ తెస్తా" అని కావాలనే గట్టిగా అరుస్తోంది. షేక్‌ను వెంటబెట్టుకుని ముందే వచ్చేశాడు బాబా. ఆయనను కింద మగవాళ్ళ గదిలో కూర్చోబెట్టి, మంత్రగత్తెను తీసుకుపోవడానికి తానే పైకి వచ్చాడు. తలుపు తోశాడు.

భార్య పిడికిలి పిల్లవాడి తల మీద గాల్లో ఆగిపోయి ఉంది.

"చేతిలో ఏముంది?"

మామా చెయ్యి వెనక్కి దాచుకుంది. బాబా ఆ మణికట్టు పట్టి తిప్పాడు. ఎముక కదిలిన చప్పుడైంది. ఉప్పూ మిరపకాయలూ నేల మీద రాలాయి. ఇంకో చేత్తో కొట్టాడు. మామా వెళ్ళి బట్టల గుట్ట మీద పడింది. లేవబోతే మళ్ళీ కొట్టాడు, వెనక చేత్తో, ఉంగరం బుగ్గ చీరేలా. నాసర్ గుక్కపట్టాడు.

"ఇదే చేయించింది!" మామా వేలు సంజీవమ్మ వైపు తిరిగింది. "ఇదే! నా మీద కూడా చేసింది. సంజూ, చెప్పు, నువ్వే అని చెప్పు!"

బాబా సంజీవమ్మ మీదికి చెయ్యెత్తాడు. ఆమె వెనక్కి జరగలేదు. పంటితో ముడి లాగి కట్టు విప్పింది. అరచెయ్యి తెరిచి ఆయన ముఖం ముందు పెట్టింది. కాలినప్పుడు అక్కడే నిలబడ్డ మనిషి, ఆ పుండును ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"ఈ చేత్తో ఉప్పు పట్టగలనా బాబా? ఎవరి చేతికి ఉప్పు అంటిందో చూడండి." ఆమె అరబ్బీ వంకరటింకరగా ఉంది, గొంతు మాత్రం వణకలేదు. "మామా బిడ్డ కోసం చేసింది. నేనూ బిడ్డ కోసమే చేశాను. ఇద్దరం చేసింది ఒకటే. కింద షేక్ ఉన్నాడు, నన్ను తీసుకుపోండి. అడిగితే చూసిందంతా చెబుతా."

మామా అరచేతిలో చెమటకు ఉప్పు గళ్ళు అంటుకుని మెరుస్తున్నాయి. బాబా వాటిని చూశాడు. తలుపు చూశాడు. కింద నుంచి షేక్ దగ్గు వినిపించింది. పనిమనిషి సిహర్ చేస్తే ఇంటికి వచ్చిన కష్టం, ఊరంతా వచ్చి ఓదారుస్తారు. భార్య చేసిందంటే ఇంటిపేరే పోతుంది. బాబా ఎత్తిన చెయ్యి మెల్లగా దించాడు.

చీపురు అందుకుని నేల మీది ఉప్పును తానే ఊడ్చాడు. ఆ ఇంట్లో ఆయన చీపురు పట్టడం సంజీవమ్మ అంతకుముందు చూడలేదు. కిందికి వెళ్ళి షేక్‌తో ఏం చెప్పాడో గానీ, ఆయన చాయ్ తాగి, దీవించి వెళ్ళిపోయాడని మజీదా తరువాత చెప్పింది. వియన్నా నుంచి తెచ్చిన ప్లాస్టిక్ సంచీ చెత్తలోకి పోయింది.

"ఖలాస్," అన్నాడు బాబా తిరిగి వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా. "టికెట్టు తీస్తాను. ఇంటికి పో. నోరు తెరవొద్దు."

టికెట్టు వచ్చేదాకా గదికి తాళం వేయలేదు గానీ, కింది అంతస్తుకు రానివ్వలేదు. నాసర్ ఏడుపు గోడల్లోంచి వినబడేది. రెండు చుట్లు తిప్పి ఆపేసిన దిష్టి. మూడోది తిప్పి నిప్పుల్లో వేయకపోతే తీసినట్టు కాదు. నేనే తీసి ఉంటే ఆ మూడు చుట్లూ ఎప్పుడో అయిపోయి ఉండేవి కదా అని సంజీవమ్మకు గుండెలో ముల్లు గుచ్చుకుంది. తనను తాను కాపాడుకోవడానికి బిడ్డను సగంలో వదిలేసింది. కాదని ఎవరికి చెప్పుకుంటుంది?

"మూడో సుట్టు నువ్వు తియ్యి మజీదా," అని బతిమాలింది.

"నన్ను సంపిస్తావా ఏంది! వాణ్ణి ఆస్పత్రిలో జేర్పిస్తాండార్లే. సూది మందుకు తగ్గుతాదని చెప్పినారంట." మజీదా ఆమె సంచీలో బట్టలు సర్దుతూ, ఒరగా చూసింది. "అక్కా, నిజం జెప్పు. ఆ పొద్దు నీ చెయ్యి మూసుకోలేదా?"

సంజీవమ్మ దువ్వెన తీసి సంచీలో పడేసింది.

బయల్దేరే పొద్దున డ్రైవర్ కారు ఆపి హారన్ కొట్టాడు. గుమ్మం దగ్గర మామా ఎదురొచ్చింది. బుగ్గ మీద చీరిన గీతకు రంగు పూసుకుంది గానీ, వాపు దాగలేదు. మణికట్టుకు ఆస్పత్రి పట్టీ ఉంది. పాస్‌పోర్టు చాచింది. సంజీవమ్మ ఎడమ చేత్తో అందుకుంది.

"నాసర్ ఎట్లుండాడు?" తొందరలో తెలుగే వచ్చింది. పేరు విని మామాకు అర్థమైంది.

"ఆస్పత్రి నుంచి వచ్చి నిద్రపోతున్నాడు," అంది. తరువాత, చాలా నెమ్మదిగా, "చెయ్యి చూపించు," అంది.

సంజీవమ్మ సంచీ కింద పెట్టింది. కుడి చెయ్యి ముందుకు చాచి, వేళ్ళు పూర్తిగా విప్పింది. మామా ఆ పుండు వైపు చూసి, క్షమించమనో ఇంకేదో అనడానికి నోరు తెరిచింది. అప్పుడు సంజీవమ్మ ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా మూసింది. చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, చూపుడు వేలు, వాటి మీద బొటనవేలు. ఎండిన చర్మం చీలి, వేళ్ళ సందుల్లోంచి సన్నగా నెత్తురు కారింది. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిడికిలి మాత్రం బిగిసే ఉంది.

మామా ముఖంలో రక్తం ఇంకిపోయింది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

సంజీవమ్మ అదే చేత్తో సంచీ ఎత్తుకుని కారెక్కింది.